పైవాటా అక్కయ్య, కిందివాటా సీడీ

మా తోటికోడలు పోయింది. కబురు వచ్చేసరికి నేను పంజాగుట్ట చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో ఉన్నాను. "వదిన ఇక లేదు" అని మావారు ఫోన్లో ఒక్క ముక్క చెప్పారు. మధ్యాహ్నం భోజనం చేసి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్ళీ లేవలేదు. ఇంటికి వెళ్ళాక చూస్తే వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "ఎంత పుణ్యాత్మురాలో, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది" అని. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా లోపల చురుక్కుమంటూనే ఉంది. ఇందులోనూ ఆవిడే ఫస్టు.

పోయిన మనిషి గురించి రాసేటప్పుడు అసూయ అనే మాట వాడకూడదని నాకూ తెలుసు. కానీ అసూయ లేకుండా ఆవిడ గురించి రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నేను ఆవిడని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కూడా సాయంత్రం కాగానే మెట్ల మీంచి తొంగిచూసి "అమ్మాయ్, కాఫీ కలిపావా?" అని అరిచేది.

శ్రీనగర్ కాలనీలో ఒకే ఇంట్లో మావి రెండు వాటాలు. పైన బావగారూ అక్కయ్యా, కింద మేము. తెనాలి నుంచి వచ్చినవాళ్ళం, తోటికోడలిని అక్కయ్య అనే పిలుస్తాం. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులవల్ల మెట్లు ఎక్కలేకపోయేవారు. అందుకని భోజనం నా దగ్గర, పొగడ్తలు పైవాటాకి. "పెద్దదాని పప్పుచారు వాసన ఇక్కడిదాకా వస్తోందే" అంటూ నా పప్పుచారు కలుపుకునేవారు.

అక్కయ్యకి ఒక అలవాటు ఉండేది. ఏది చేసినా ముందు ఇంట్లోవాళ్ళకి పెట్టేది కాదు. ఆవకాయ కలిపితే మూడోరోజు తిరగకలిపి, చిన్న గిన్నెలో వేసి, పక్కింటి వాళ్ళకి పంపేది. వాళ్ళు ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పాకే జాడీకి వాసెన కట్టేది. "మన నాలుక మనకి అబద్ధం చెబుతుందే. పక్కవాళ్ళ నాలుకకి ఆ మొహమాటం ఉండదు" అనేది. పక్కింటివాళ్ళు ఆవిడ ఆవకాయలో వంక పెట్టగా నేను ఎప్పుడూ వినలేదు. నా ఆవకాయ గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి వచ్చేది, మాట ఏమీ రాకుండా.

ఇవన్నీ వంటింటి కుళ్ళు. అసలు కుళ్ళు పీహెచ్‌డీది.

నేను ఎర్రమంజిల్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ని. పీహెచ్‌డీ చేతికి వస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. యూనివర్సిటీలో పేరు నమోదు చేయించుకుని, గైడుగారు ఇచ్చిన అంశం పట్టుకుని కూర్చున్నాను. శతక పద్యాల చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మకుటాల మీద పరిశోధన. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా "దేనిమీద చేస్తున్నావమ్మా?" అని అడిగేవారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే టీవీ వైపు తిరిగేవారు.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అక్కయ్యకీ ఆ బుద్ధి పుట్టింది. పెళ్ళికి ముందెప్పుడో తెలుగు ఎం.ఏ. చేసింది. "నన్ను కూడా మీ గైడుగారి దగ్గరికి తీసుకెళ్ళవే" అంటే తీసుకెళ్ళాను. ఈ వయసులో ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుని, "అమీర్‌పేట బోర్డుల మీద తెలుగు గురించి రాస్తానండీ" అంది. ఆయన కళ్ళజోడు తీసి మరీ ఆవిడని చూశారు. నన్ను ఆయన అలా ఎప్పుడూ చూడలేదు.

ఐటీ ఊపు మీదున్న రోజులవి. అమీర్‌పేటలో గోడ రంగు ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు. జావా, టెస్టింగ్, నేడే ఉచిత డెమో, సీట్లు కొన్నే ఉన్నాయి, లేడీస్ హాస్టల్‌లో ఆంధ్రా భోజనం, ఒకదాని మీద ఒకటి బోర్డులూ పోస్టర్లూ. నేను రోజూ రెండుపూటలా ఆ గోడల మధ్య నుంచే బస్సులో వెళ్ళాను. అవన్నీ నేనూ చదివాను. చదివి, బస్సు దిగి, లైబ్రరీకి వెళ్ళి మకుటాలు ఎత్తిరాసుకున్నాను. ఆవిడేమో కూరగాయల సంచిలో కెమెరా వేసుకుని వెళ్ళి, ఆ గోడలనే థీసిస్ చేసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అంతటితో ఊరుకుందా? ఆ బోర్డుల్లోనే ఒక బోర్డు చూసి కంప్యూటర్ క్లాసులో చేరింది. ఇరుకు మెట్లెక్కి, ఉద్యోగాల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రకారు మధ్య కూర్చునేది. మొదట్లో "ఆంటీ, జర అటు జరుగుర్రి" అన్నవాళ్ళే కొన్నాళ్ళకి "ఆంటీ, మీ నోట్స్ ఇస్తరా?" అని ఇంటిదాకా వచ్చేవారు. వాళ్ళకి పులిహోర పెట్టేది. సొంతంగా టైపు చేసుకుని, నాకంటే వెనక మొదలుపెట్టి, నాకంటే ముందు థీసిస్ ఇచ్చేసింది. "మీ అక్కయ్యగారిని చూసి నేర్చుకోండమ్మా" అన్నారు గైడుగారు. ఆయన అన్న ఆ మాట నేను ఈ జన్మకి మర్చిపోను.

అప్పటికి యూనివర్సిటీలో కొత్త పద్ధతి వచ్చింది. బైండు చేసిన పుస్తకాలు ఇస్తే చాలదు, థీసిస్ మొత్తం సీడీలో కూడా ఇవ్వాలి. దాన్ని వాళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటారు. అక్కయ్య తన సీడీ తయారుకాగానే, ఆవకాయ గిన్నెలాగే, దాన్ని పట్టుకుని వీధిన పడింది. పక్కింట్లో ఒకసారి, ఇంటర్నెట్ సెంటర్లో ఒకసారి తెరిపించి చూసింది. "మన ఇంట్లో తెరుచుకుంటే ఏం లాభమే, పక్కింట్లో తెరుచుకోవాలి గానీ" అంది. ఇంటర్నెట్ సెంటర్లో తెరుచుకోలేదట. మళ్ళీ వచ్చి, తెలుగు అక్షరాలని కూడా ఫైల్లోనే కలిపేసే పద్ధతి నేర్చుకుని ఇంకో సీడీ చేసింది.

నా థీసిస్ అమీర్‌పేటలో ఒక డీటీపీ ఆయన టైపు చేశాడు. గడువు అప్పటికే పొడిగించి ఉంది. ఇక పొడిగించరు. ఆ రోజు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, నేను పడ్డ కష్టమంతా గోదాట్లో పోసినట్టే, ఉద్యోగం సంగతి సరేసరి. ముందురోజు సాయంత్రం పుస్తకాలూ సీడీ తెచ్చుకున్నాను. అక్కయ్య మెట్లు దిగి వచ్చింది.

"సీడీ ఏదీ? పైకి పట్రా, నా కంప్యూటర్లో పెట్టి చూద్దాం."

"ఎందుకండీ, ఆయన చూసే ఇచ్చాడు" అన్నాను.

నా థీసిస్ మొట్టమొదట ఆవిడ కంప్యూటర్లో తెరుచుకోవడమా! ఆవిడ ముందు చూసి, మెచ్చుకుని, ఆ మెచ్చుకోలు అత్తగారికి వినపడి... నాకు అక్కర్లేదు. సీడీని దేవుడి మందిరంలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను.

మర్నాడు యూనివర్సిటీలో, కౌంటర్లో ఉన్న ఆయన సీడీ తీసి చూసి, "గీ పసుపేంది మేడమ్, పెళ్ళి కార్డా?" అని నవ్వుతూ రుమాలుతో తుడిచి లోపల పెట్టాడు. తెర మీద పేజీ వచ్చింది. అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, బ్రాకెట్లు, పేజీ పొడుగునా అవే. ఆ రోజుల్లో డీటీపీ తెలుగుకి ఉన్న జబ్బే అది. టైపు చేసిన మెషిన్లోనే తెలుగు, బయటికి వస్తే పిచ్చిరాతలు.

"గిదేం భాషనో మీరే చెప్పాలె మేడమ్. నాకైతే ఒక్క ముక్క సమజ్ అయితలేదు" అన్నాడు. "ఐదింటికి కౌంటర్ బంద్ పెడ్తం. గప్పటిదాంక మంచి సీడీ తెస్తె తీస్కుంట. గంతకన్న నా చేతుల ఏం లేదు."

డీటీపీ ఆయన మరదలి పెళ్ళికని పొద్దున్నే ఊరెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. మావారు క్యాంపులో ఉన్నారు. ఇంకెవరికి చెయ్యను? పైవాటాకి చేశాను. ఆ నంబరు నొక్కుతుంటే సీడీ చూసినప్పటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

అక్కయ్య 'నేను చెప్పానా' అనలేదు. ఆ మాట అని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! "ఆయన అక్షరాలు ఆయన మెషిన్లోనే ఉంటాయి, ఇప్పుడు వాటి జోలికి వెళ్ళద్దు. బైండు పుస్తకం ఉందిగా? పట్టుకుని పంజాగుట్ట వచ్చెయ్. నా బోర్డుల ఫొటోలు స్కాన్ చేయించిన షాపు ఉంది. పేజీలన్నీ ఫొటోలు తీసినట్టు తీసి సీడీ చేయిద్దాం" అంది.

నేను వెళ్ళేసరికి ఆవిడ షాపు ముందు నిలబడి ఉంది. వంటింట్లోంచి అలాగే వచ్చేసినట్టుంది, నలిగిన నేతచీర. చూపుడువేలికి తెల్లటి గుడ్డపీలిక చుట్టి ఉంది. బీరకాయలు తరుగుతుంటే నా ఫోన్ వచ్చిందట, ఆ కంగారులో కత్తిపీటకి వేలు తెగింది.

షాపు భాయ్ పుస్తకం అటూఇటూ తిప్పాడు. "అట్టతోని మెషిన్ మూత పడదమ్మా. బైండింగ్ కోసేద్దామా? మస్తు జల్దీ అయిపోతది."

"కొయ్యద్దు భాయ్" అంది అక్కయ్య వెంటనే. "బంగారు అక్షరాలతో కుట్టించుకుంది. నేను నొక్కి పట్టుకుంటా, నువ్వు తియ్యి."

"అయితే గట్టిగ దబాయించి పట్టుకోర్రి మేడమ్. లేకుంటె నడుమల నల్లగ వస్తది."

మొదట నేనే పట్టుకున్నాను. పేజీ కదిలిపోయి అక్షరాలన్నీ చెదిరిపోయాయి. అక్కయ్య నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, "నువ్వు తెర మీద పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూసుకో" అని తను పుస్తకం అందుకుంది. పేజీ తిప్పడం, బోర్లించడం, నొక్కడం. మధ్యలో మెషిన్ వేడెక్కితే భాయ్ ఫ్యాన్ దాని వైపు తిప్పాడు. మాకు చెమటలు.

ఒక పేజీ దగ్గర ఆవిడ ఆగింది. అక్కడ ఒక పద్యం ఉంది. చూపుడువేలు మకుటం కింద పెట్టి, పెదవులు కదుపుతూ చదివి, "ఎంత బావుందే! ఇవి నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది. వేలు తియ్యకుండానే పుస్తకం బోర్లించింది. తెర మీద పేజీతోపాటు వేలు కూడా వచ్చేసింది.

"అక్కయ్యా, మీ వేలు పడింది. మళ్ళీ తీద్దాం."

"టైము లేదే. పోనీలే, ఎవరు చూస్తారు?" అంది.

మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. నిజమే, నా థీసిస్ ఎవరు చూస్తారు?

కౌంటర్ మూసేలోపే చేరాం. ఆయన సీడీ పెట్టి, పేజీలు తిప్పి, "ఇగో, గిప్పుడు తెలుగు లెక్క ఉన్నది" అని రసీదు మీద స్టాంపు వేస్తూ నా వెనక నిలబడ్డ అక్కయ్యని చూశాడు. చేతిలో స్టాంపు పైకి లేచినది లేచినట్టే ఆగిపోయింది.

"అరె, బోర్డుల మేడమ్! మంచిగున్నరా? మీ పుస్తకం నేను సుత సగం చదివిన మేడమ్. మస్తు రాసిండ్రు."

నా రసీదు మీద ఇంకా స్టాంపు పడలేదు. ఆయన అక్కయ్యతో కబుర్లు ముగించాకే పడింది.

తిరుగు ప్రయాణంలో అమీర్‌పేటలో దిగి, ఒక హోటల్లో ఇరానీ చాయ్ తాగాం. ఆవిడ బిస్కెట్టు చాయ్‌లో ముంచి, "నీ పద్యాలు చూస్తే నాకు కుళ్ళుగా ఉందే" అంది. "నాకు అవి పలకడం వచ్చి ఉంటే ఈ బోర్డుల జోలికి ఎందుకెళ్తాను?" అని నవ్వేసి, ఇంకో బిస్కెట్టు తీసుకుంది. నన్ను లోపల లోపల తినేస్తున్న మాటని ఆవిడ చాయ్ తాగుతూ తేలిగ్గా అనేసింది. కుళ్ళుకోవడంలో కూడా ఆవిడ నాకంటే బాగా కుళ్ళుకుంటుంది.

ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇంతకాలం ఈ ఇంట్లో నా సంపాదన అంటూ ఒకటి ఉందంటే, అది ఆ రోజు పంజాగుట్టలో ఆవిడ నొక్కి పట్టుకున్నదే. తర్వాత యూనివర్సిటీ వాళ్ళు థీసిస్‌లన్నీ తమ వెబ్‌సైట్‌లో పెట్టారు. నా విద్యార్థులే నా దగ్గరికి వచ్చి, "మేడమ్, అమీర్‌పేట బోర్డుల మీద రాసినావిడ మీ అక్కయ్యగారంట కదా?" అని అడుగుతుంటారు. నా మకుటాల గురించి ఒక్కరూ అడగలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, పైవాటాలో అలికిడి లేకుండా పోయింది. కాఫీ కలిపాను. ఎవరూ అరవలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ముందు ఆవిడ థీసిస్ తెరిచాను. శుభ్రంగా ఉంది, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తర్వాత నాది తెరిచాను. అన్నీ బొమ్మలు కదా, నెమ్మదిగా వస్తుంది, పై నుంచి కొంచెం కొంచెంగా దిగుతుంది. ఆ పేజీకి వచ్చాను. ముందు పద్యం వచ్చింది, తర్వాత మకుటం, దాని కింద గుడ్డపీలిక చుట్టిన చూపుడువేలు.

నా థీసిస్‌లో ఆవిడ ఉంది. ఆవిడ థీసిస్‌లోకి మళ్ళీ వెళ్ళి, మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. నా గోరు కూడా లేదు. ఆ కుళ్ళు మాత్రం నాకు తీరేది కాదు.

మళ్ళీ నా పేజీకే తిరిగి వచ్చాను. ఎవరు చూస్తారని అందిగా. వేలు అక్కడే ఉంది, ఆ లైను ఇంకా చదువుతున్నట్టు.