గెడ్డకు ఎదురెక్కిన చేపలు

ఆ పొద్దున కశింకోటలో ఎక్కిన ఆటోలో పన్నెండు మందిమి ఉన్నాం, పదమూడోది నా బానపొట్ట. తొలి వానలకు పొంగిన గెడ్డ, అదే మా వైపు వాగంటాం, దాని దగ్గర డ్రైవరు బండి ఆపేశాడు.

"దిగండి మావా, గెడ్డలో మూటలు తియ్యాలి" అన్నాడు.

చెరుకుతోట మోటారుకు నీళ్లు నిలవడం కోసం ఎవరో రైతు వేసవిలో గెడ్డకు అడ్డంగా ఇసుక మూటలు పేర్చాడట. నా కడప కళ్లకు గున్న ఏనుగుల్లా కనిపించిన చేపలు ఆ మూటల మీదికి ఎగిరి, గుద్దుకుని, వెనక్కి పడుతున్నాయి. అందరూ చీరలూ లుంగీలూ ఎగ్గట్టి నీళ్లలోకి దిగారు. నేను మాత్రం పులుసు ఊహించుకుంటూ సంచి తెరిచాను.

"ఏటి బాబూ ఆ సంచి?" అంది నా పక్కసీటు ముసలమ్మ. "సూలు సేపలవి. గుడ్లెట్టడానికి పైకెల్తన్నాయి. పురిటికెల్లే పిల్లని దారికాసి పట్టుకుంటారేటి?"

సిగ్గుపడి సంచి మడిచి, నేనూ ఒక మూట ఎత్తాను. ఇంతలో రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండెహె! నీల్లన్నీ పోతే నా సెరుకేటైపోవాల?"

"నీ పెల్లాం పురిటికెల్లిన్నాడు ఎవులైనా ఆటోకి అడ్డం పడ్డారేట్రా?" అంది ముసలమ్మ.

రైతు కాసేపు గొణిగి, ఆఖరి మూట తనే లాగేశాడు. అలసి ఒడ్డున ఆగిపోయిన ఒక చేపను రెండు చేతులా ఎత్తి పైనీటిలో వదలబోయాడు. అది తోకతో ఆయన చెంప ఛెళ్లుమనిపించి, ఎగువకు దూసుకుపోయింది.

"బలం బాగానే ఉంది. ఎల్లిపోద్దిలే" అన్నాడు రైతు, చెంప రుద్దుకుంటూ.