ఒర అక్కర్లేదన్న మనిషి

మా అన్నయ్య డెల్మర్ కింబ్రో నన్ను కూడా నమ్మడు. సొంత చెల్లెల్ని, ఏళ్ల తరబడి ఆయన తుపాకుల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నదాన్ని. అయినా సాయంత్రం నేను తాళం వేశాక ఆయన వచ్చి మళ్లీ లాగి చూస్తాడు. "నెల్డా, సరిగ్గానే వేశావా?" అంటాడు. వేశానని చెబితే ఇంకోసారి లాగుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

కాఫీ హోటల్లో గోడకి వీపు ఆనించి, తలుపుకి ఎదురుగానే కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఇంకెవరైనా ఉంటే వాళ్లు లేచేదాకా పక్కనే నిలబడి చూస్తాడు. ఆ చూపుకి ఎవరికైనా కాఫీ మింగుడు పడుతుందా? కాఫీ పోసే అమ్మాయి నవ్వితే, "ఇవాళేంటి, నవ్వుతోంది?" అని నా చెవిలో గొణుగుతాడు. మా పాస్టర్ గారు పిస్తోలు కొందామని వస్తే, "చర్చిలో మీకు ఎవరి మీద కోపం?" అని అడిగాడు. పాపం ఆయన మొహం జేవురించింది. ఆ ఆదివారం ప్రసంగమంతా మా బెంచీ వైపు చూస్తూనే చెప్పాడాయన. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కానీ కౌంటర్ వెనక నిలబడ్డప్పుడు మాత్రం ఆ అనుమానం ఉత్తినే పోయేది కాదు. ఒకసారి ఒక కుర్రాడు, ఒక అమ్మాయి వచ్చారు. పిస్తోలు అమ్మాయికట. మాట్లాడేది మాత్రం వాడే. అన్నయ్య వాణ్ణి పట్టించుకోకుండా, "అమ్మా, నీకేది నచ్చింది?" అని ఆ పిల్లని అడిగాడు. ఆ పిల్ల జవాబు చెప్పేముందు వాడి మొహం చూసింది. అంతే. "కొట్టు కట్టేసే టైమైంది, వెళ్లండి" అన్నాడు. అప్పటికింకా పొద్దున్న పదే అయింది. తనకి చట్టం ఇవ్వనిదాన్ని ఆ పిల్ల పేరు మీద కొనిపిద్దామని వచ్చాడు వాడు. నెల తిరక్కుండానే వాణ్ణి పోలీసులు పట్టుకున్నారు.

మా ఓక్లహోమాలో నడుముకి పిస్తోలు పెట్టుకుని తిరగడం నెత్తిన టోపీ పెట్టుకున్నంత మామూలు. రోజూ పెట్టుకునేది ఏది అన్నదే పెద్ద తగువు. మగవాళ్లు పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తారు. చేత్తో పట్టుకుంటారు, పెట్టేస్తారు, మళ్లీ పట్టుకుంటారు. నడుముకి దోపుకుని కుర్చీలో కూర్చుంటారు, బూటు లేసు కట్టుకోవడానికన్నట్టు వంగుతారు, పొట్టలో గుచ్చుకుంటోందా అని మొహం అదోలా పెడతారు. ఒక్కో పిస్తోలుకి దాని కొలతకి కుట్టిన ఒర వేరే ఉండాలి. కొన్న ఒర కుదరదు, ఇంకోటి కొంటారు, అదీ కుదరదు. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక సొరుగు నిండా పనికిరాని ఒరలుంటాయి. ఆ సొరుగు లాగినప్పుడల్లా ఆడవాళ్లు తిట్టే తిట్లు వీధిలోకి వినిపిస్తాయి.

ఈ జబ్బు బాగా ముదిరినవాడు రాయ్స్ టాకెట్. గోధుమ రైతు, అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, నన్ను "చెల్లెమ్మా" అని పిలిచే మనిషి. అన్నయ్యది ఫార్టీఫైవ్. పాత కోల్ట్, అంతా ఉక్కు, తూటాలు లావు, పట్టేవి ఏడే. రాయ్స్‌ది నైన్ ఎం.ఎం. గ్లాక్, తేలిక, తూటాలు సన్నం, పట్టేవి రెట్టింపు. ఇద్దరూ కాఫీ చల్లారిపోయేదాకా కొట్టుకునేవారు.

"ఆ ప్లాస్టిక్ బొమ్మతో ఎవర్ని బెదిరిస్తావురా? పిచ్చుకల్నా?" అనేవాడు అన్నయ్య.

"ఆ ఇనప దిమ్మ మోసి మోసి నీ ప్యాంటు జారిపోతోంది, ముందది పైకి లాక్కో."

"నాది ఒక్కటి తగిలితే చాలు. రెండోదాంతో పనుండదు."

"ఆ ఒక్కటి తగలాలిగా! నీ కళ్లకి మా గడ్డివాము కూడా ఆనదు."

రాయ్స్ భార్య లవోన్ నా పక్కన కూర్చుని తల పట్టుకునేది. "వీళ్లిద్దరికీ పెళ్లి చేసేసుంటే నేను హాయిగా ఉండేదాన్ని నెల్డా" అనేది. అంత గొడవపడేవాడు నైన్ మీదైనా నిలకడగా ఉండేవాడా అంటే అదీ లేదు. మూడు నెలలకోసారి వచ్చి ఉన్నది ఇచ్చి ఇంకో మోడల్ పట్టుకెళ్లేవాడు. దానికో కొత్త ఒర.

లవోన్ మార్చిలో పోయింది. ఆ తర్వాత రాయ్స్ కొట్టుకి రాలేదు. కాఫీకి వచ్చినా తొందరగా లేచిపోయేవాడు.

నవంబర్లో, గాలి ఈడ్చికొడుతున్న ఒక పొద్దున తలుపు తోసుకుని వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎన్నాళ్లకి రాయ్స్ అన్నా! దారి తప్పి వచ్చావా?" అన్నాను.

నవ్వాడు. "డెల్మర్, ఒక పిస్తోలు కావాలి."

"మళ్లీనా? ఉన్నవన్నీ ఏం చేశావు? కూరొండుకున్నావా?"

"మార్లా పట్టుకెళ్లింది." మార్లా ఆయన కూతురు, విచిటాలో ఉంటుంది. "ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాగా. దొంగలూ అవీ అని."

అన్నయ్య ఒక్క క్షణం ఆయన వంక చూసి, కోల్ట్ ఒకటి, గ్లాక్ ఒకటి తీశాడు. రెంటికీ స్లైడ్ వెనక్కి లాగి, ఖాళీ అని చూపించి కౌంటర్ మీద పెట్టాడు. "చెప్పు. ఈసారైనా మగాడిలా ఫార్టీఫైవ్ తీసుకుంటావా?"

"సరే, అదే ఇవ్వు."

నేను చప్పట్లు కొట్టాను. "గెలిచావు అన్నయ్యా! ఇవాళ కాఫీ డబ్బులు రాయ్స్ అన్నవి!"

అన్నయ్య నవ్వలేదు. "నైన్ వద్దా?"

"ఏదైనా ఒకటే."

"అలా కుర్చీలో కూర్చుని చూడు."

"అక్కర్లేదు."

"ఒర చూపించనా?"

"ఒర అక్కర్లేదు. తొందరగా ఇచ్చెయ్ డెల్మర్, పనుంది."

అన్నయ్య రెండు పిస్తోళ్లూ తీసి అద్దాల పెట్టెలో పెట్టాడు. తాళం వేశాడు. లాగి చూశాడు. "నీకు అమ్మను" అన్నాడు.

రాయ్స్ మొహం పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. "ఏంటీ?"

"అమ్మను. ఇంటికి పోకు. ఇక్కడే కూర్చో, మాట్లాడుకుందాం."

"నేను దొంగనా? హంతకుణ్ణా? ఊళ్లో వాళ్లందర్నీ అనుమానించి ఇప్పుడు నా దాకా వచ్చావా? నా పెళ్లికి నా పక్కన నిలబడ్డవాడివిరా నువ్వు! ఛీ, నీ కొట్టూ వద్దు, నువ్వూ వద్దు. బాయ్డ్ దగ్గరికి పోతాను, వాడైనా మనిషిలా అమ్ముతాడు." తలుపు ధడాలున కొట్టి వెళ్లిపోయాడు. అన్నయ్య వెంట పరిగెత్తేలోపు ఆయన పికప్ మలుపు తిరిగింది.

నేను ఊరుకోలేదు. "నీకు బుద్ధుందా అన్నయ్యా? పెళ్లాం పోయి ఒంటరిగా ఉన్న మనిషిని గుమ్మంలోంచి గెంటేస్తావా? దేవుడే దిగొచ్చినా జేబులు తడిమేలా ఉన్నావు!"

"నెల్డా, నోరు ముయ్యి." ఆయన అప్పటికే కొట్టు ఫోన్ దగ్గరికి నడుస్తున్నాడు. "ఒంటరిగా ఉన్న తండ్రికి దొంగల భయముంటే ఏ కూతురైనా ఉన్న తుపాకులు పట్టుకుపోతుందా? రోజూ నడుముకి పెట్టుకునే వాడు ఒర వద్దంటాడా? ఆ మనిషి నాతో ఫార్టీఫైవ్‌కి 'సరే' అంటాడా? వాడికది రేపు, ఎల్లుండి మోయడానికి కాదే. ఈ పూటకి. తన కోసమే."

వెంటనే నా సెల్‌ఫోన్లో మార్లాకి చేశాను. పేరు చెప్పగానే ఏడ్చేసింది. "నాన్నే ఆమధ్య నాతో అన్నాడు అత్తా, బతకాలని లేదని. అందుకే అన్నీ తెచ్చేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు." ఇప్పుడే బయల్దేరుతున్నానంది. విచిటా నుంచి రావడమంటే మధ్యాహ్నం దాటుతుంది.

ఈలోగా అన్నయ్య బాయ్డ్ అసరీకి ఫోన్ కలిపాడు. బాయ్డ్‌ది పక్క ఊళ్లో తుపాకుల కొట్టు. వాళ్లిద్దరికీ మాటల్లేవు. పోయినేడు సంతలో, మా కొట్లో సరుకు చూసి రమ్మని గూఢచారిని పంపావని అన్నయ్య ఆయన్ని నలుగురి ముందూ దులిపేశాడు. ఆ గూఢచారి ఎవరో కాదు, బాయ్డ్ వాళ్ల అత్తగారు. మనవడికి చెరుకుగడంత సన్నటి గాలి తుపాకీ ఒకటి కొందామని వచ్చింది మహాతల్లి.

"బాయ్డ్, రాయ్స్ టాకెట్ వస్తున్నాడు. వాడికి ఏదీ అమ్మకు" అన్నాడు అన్నయ్య.

బాయ్డ్ గొంతు నాకు గల్లా దగ్గరికి వినిపించింది. "ఓహో! నీ బేరం నా దగ్గరికి వస్తుంటే కడుపు మండుతోందా?"

"అది కాదయ్యా. వాడు ప్రాణం తీసుకుంటాడు."

"నీ అనుమానాలు నాకు తెలియవా డెల్మర్? మా అత్తగారిని గూఢచారి అన్నవాడివి. నిన్నెలా నమ్మమంటావ్?"

"నన్ను నమ్మకు. నమ్మొద్దు. వాణ్ణి చూడు చాలు. నీకు దణ్ణం పెడతాను బాయ్డ్."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. అన్నయ్య రిసీవర్ వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లూ అందర్నీ అనుమానించాడు కదా, ఇప్పుడు అవసరం పడేసరికి తన మాట నమ్మే మనిషి లేడు. నాకు ఆయన మీద జాలి, కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

కొట్టుకి తాళం వేసింది నేనే. ఆయన లాగి చూడలేదు, అప్పటికే పికప్ స్టార్ట్ చేశాడు. దారంతా నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఎదురుగాలికి బండి ఊగిపోతున్నా ఆయన వేగం తగ్గించలేదు. బాయ్డ్ కొట్టు ముందు రాయ్స్ పికప్ కనిపించగానే, "ఉన్నాడే, ఇంకా ఉన్నాడు" అన్నాడు.

లోపలికి వెళ్తే కౌంటర్ నిండా పిస్తోళ్లు. బాయ్డ్ ఒక్కొక్కటీ తీసి, ఇది జర్మనీదని, ఇది ఆస్ట్రియాదని, దీని మీట మెత్తనని, దీని స్లైడ్ బిగువని ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. రాయ్స్ మొహం విసుగుతో మాడిపోయి ఉంది. మమ్మల్ని చూడగానే బాయ్డ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎంతసేపయ్యా రావడం! నా దగ్గర చెప్పడానికి ఇంకేం మిగల్లేదు" అన్నాడు. ఆ మనిషిని అక్కడే వాటేసుకోవాలనిపించింది నాకు.

రాయ్స్ వెనక్కి తిరిగాడు. "నన్ను వెంటాడుతున్నావా డెల్మర్?"

అన్నయ్య తిన్నగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. "చచ్చిపోదామనుకుంటున్నావా?"

అలా అడుగుతాడని నేననుకోలేదు. రాయ్స్ నోరు తెరిచాడు, అబద్ధం చెప్పబోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవును" అన్నాడు. "లవోన్ లేని ఇంట్లో తెల్లారడం నావల్ల కావట్లేదు."

"సరే. అయితే మా ఇంటికి పద. నాలుగు నెలలుంటావో నాలుగేళ్లుంటావో, నా గదిలో రెండో మంచం ఖాళీయే. రేపు నేనూ నెల్డా నిన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. మార్లా వస్తోంది."

"మీ ఇంటి నిండా తుపాకులేగా" అన్నాడు రాయ్స్, సగం ఏడుస్తూ సగం నవ్వుతూ.

అన్నయ్య తన నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. కోల్ట్ తీసి, తూటాలుండే మ్యాగజైన్ జార్చి, లోపలున్న తూటా కూడా తీసేసి, స్లైడ్ తెరిచి బాయ్డ్ ముందు పెట్టాడు. ఇంటి తాళం చెవి దాని పక్కన పెట్టాడు. "సాయంత్రంలోగా ఒకసారి మా ఇంటికొచ్చి ఉన్నవన్నీ నీ దగ్గరికి పట్టుకొచ్చెయ్. రాయ్స్ బాగుపడేదాకా నీ దగ్గరే ఉంచు" అన్నాడు.

బాయ్డ్ తాళం చెవి వంక చూశాడు. "లెక్క చూసుకోవా?"

"అక్కర్లేదు" అన్నాడు అన్నయ్య.

వచ్చేటప్పుడు రాయ్స్‌ని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నాం. సగం దూరం వచ్చాక ఆయన నోరు విప్పాడు.

"నన్ను అనుమానించావు కదరా డెల్మర్."

"అనుమానించాను. ఏం, ఇంకా కోపంగా ఉందా?"

"మార్చి నుంచీ ఊరంతా అడుగుతూనే ఉంది, ఎలా ఉన్నావని. బానే ఉన్నానంటే అందరూ నమ్మేశారు." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నువ్వొక్కడివే నమ్మలేదు."

అన్నయ్య బండి పక్కకి ఆపాడు. కన్నీళ్లకి ఆయనకి రోడ్డు కనబడట్లేదు. దిగి అటువైపు వెళ్లి, ఆయన్ని జరగమని, ఇంటిదాకా బండి నేను నడిపాను.