నా గొడుగు మీద కంపెనీ హక్కు

మా ఆవిడ పాడిన వరినాట్ల పాటను ఫోనులో పెడితే లక్ష మంది చూశారని మిర్యాలగూడలో కనిపించినవారికల్లా చెప్పాను. లక్ష కాదు. మా బంధువులు, వాళ్ల బంధువులు, మళ్లీ మళ్లీ చూసుకున్న నేను. ఆ కొద్దిమందిలోనే ఎవడో దొంగ ఉన్నాడని నా అనుమానం.

ఎందుకంటే, ఒక పొద్దున చూస్తే వీడియో లేదు. దాని చోట ఇంగ్లీషులో ఏదో నోటీసు. కోదాడలో నెట్ సెంటర్ నడిపే మా మరదలి కొడుకు దగ్గరికి వెళ్లాను.

"పెదనాన్నా, ఈ పాట ఏదో కంపెనీదంట. మీరే వాళ్లది ఎత్తుకొచ్చి పెట్టారని కంప్లయింట్ ఇచ్చారు."

"మీ పెద్దమ్మ ఎవని దగ్గర ఎత్తుకొస్తదిరా? వాళ్లది పెట్టు, సూద్దాం."

పెట్టాడు. డప్పులు, కీబోర్డు, మడిలో బురదంటని చీరతో ఒక పిల్ల. నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉంది. అంతలో, "గట్టు మీద గొడుగు మావా, కాలికి బురదంటితే పరువు పోయేనా" అని వచ్చింది. కుర్చీలోంచి లేచాను.

మా దిక్కు నాట్లలో ముందు పాడే మనిషి, గట్టు మీద ఎవరు నిలబడితే వాళ్ల మీద అప్పటికప్పుడు చరణం కడుతుంది. తక్కినవాళ్లు అందుకుంటారు. పాట పాతది, ఎవరైనా పాడుకోవచ్చు. ఆ చరణం మాత్రం మా మడిలో, మా ఆవిడ నోట పుట్టింది. గట్టు మీద ఉన్నది నేను. గొడుగు నాది.

సంగతి చెప్పేసరికి మా ఆవిడ పాట మానేసింది. ఫోను అన్నీ వింటుందని ఎవరో చెప్పారట, దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. అప్పుడు కూడా కూనిరాగం తీయలేదు. నాట్లు దగ్గరపడ్డాయి. కూలికి వచ్చే ఆడవాళ్లు ఇంటికొచ్చారు.

"వదినా, నువ్వు పాడకపోతే మా నడుములు వంగయే!"

"పాడితే కేసు పెడ్తరంట. ఇగ ఈసారి మూగనాట్లే."

సూర్యాపేటలో పెద్ద వకీలును పెట్టానని వాళ్లకు ధైర్యం చెప్పాను. పెట్టలేదు. కోర్టు ఎదుట టీ తాగాను. పక్క బల్ల మీద ఒక వకీలు కూర్చున్నాడు, అంతే.

మరో దారి ఉందని కోదాడ పిల్లవాడు ఫోన్ చేశాడు. బియ్యం డబ్బాలో మోగుతుంటే మూత తీసి ఎత్తాను. "పాట మాదేనని రాసి పంపొచ్చు పెదనాన్నా. కానీ మీ పేరూ అడ్రసూ ఆ కంపెనీకే వెళ్తాయి. వాళ్లు కోర్టుకెక్కినా ఎక్కొచ్చు."

ఎత్తుకుపోయినవాడికే మన ఇంటి అడ్రస్ ఇవ్వడమేమిటి? ఇందులో ఏదో మతలబు ఉంది. కోపంతో నేనే పంపించేశానని తర్వాత ఊరంతా చెప్పుకున్నాను కానీ, అప్పుడు నా నోట వచ్చింది "వద్దులేరా" అనే. పక్కనే వింటున్న మా ఆవిడ ఫోను లాక్కుంది.

"రాయి బిడ్డా. నా పేరే రాయి. ఇంటి నంబరు గూడ ఎయ్యి. నాట్లల్లనే రమ్మను. గట్టు మీద నిలవడితే వాళ్ల మీద గూడ కడ్త."

"పాడనంటివి గదనే?"

"అడ్రసే ఇచ్చినంక ఇంకేం దాసుకుంటనయ్యా?"

వీడియో ఇంకా రాలేదు. జవాబూ లేదు. నాట్ల మొదటి రోజు ఆమె మడిలో దిగి గొంతెత్తగానే, తెల్ల చొక్కా వాడొకడు ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఎదురెళ్లి అడిగాను. ఎరువుల దుకాణం మనిషినన్నాడు.

నేను నమ్మలేదు. ఆమె మాత్రం అప్పటికే అతని చొక్కా మీద చరణం అందుకుంది.