సొంత మోటరున్న కటకం

చిన్న కెమెరా కొన్నవాళ్లు, దానికి ఫలానా పాత లెన్సు పనిచేస్తుందా లేదా అని అడగడానికి నాకు ఫోన్ చేస్తుంటారు. తోటి ఉపాధ్యాయులు, వాళ్ల తమ్ముళ్లు, ఒకసారి నిర్మల్ నుంచి కొయ్యబొమ్మల ఫొటోలు తీసే ఒకాయన. ఫోన్ నాకే వస్తుంది గానీ జవాబు మాత్రం మా అవ్వది, అంటే మా అమ్మది. మధ్యలో నేను ఉత్త తీగను.

మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచ అంటాం. మా అవ్వ నూలు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, మా నాన్న బాపు పోయాక ఆయన నడిపిన రెండు సాంచలూ తానే నడిపింది. ఆ సాంచలు నడిచినందుకే నేను బడికి నడిచి, తెలుగు పంతులునయ్యాను. మాటలు తప్ప మరే యంత్రమూ నా చేతిలో సరిగా ఆడదు.

అలాంటివాణ్ని కెమెరా కొన్నాను. ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది. అవ్వ సాంచ మీద ఉండగా ఒక మంచి ఫొటో తీయాలని కోరిక. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒకే ట్యూబులైటు. కెమెరాతో వచ్చిన లెన్సుకు ఆ వెలుతురు చాలలేదు. చీకట్లోనూ బాగా చూడగల పాత లెన్సు ఒకటి కరీంనగర్‌లో దొరికింది. దాని ఒంటి మీద ‘ఎ.ఎఫ్.’ అని అక్షరాలున్నాయి, అంటే తనంతట తానే ఫోకస్ చేసుకుంటుందని. అక్షరాలను నమ్మడం నా వృత్తి. కెమెరాకు తగిలిస్తే టక్కుమని కూర్చుంది. బస్సుకు టైమవుతోందని పరీక్షించకుండానే తెచ్చుకున్నాను.

మర్నాడు దసరా. ఆ రోజు మా దగ్గర సాంచలను కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాం. కత్తెర నుంచి స్పానరు దాకా అన్నిటికీ బొట్టే. బాపు పోయిన మొదటి దసరాకు, ఇక ఆ బొట్టు ఎవరు పెట్టాలని చుట్టాలు గొణిగారు. నడిపేది నేనైతే పెట్టేది కూడా నేనే అని అవ్వ వాళ్ల ముందే పళ్లెం అందుకుంది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. ఈసారి నేనూ సంబరంగా కెమెరా చాచాను. లెన్సు చుట్టూ ఉన్న నల్లటి అంచు మీద నిండుగా బొట్టు పెట్టింది.

పూజ అయ్యాక మీట నొక్కితే లెన్సు కదల్లేదు. అంతా మసక. చేత్తో తిప్పుకుందామంటే నా కళ్లద్దాలు సీసా అడుగంత మందం. తీసిన ప్రతి ఫొటోలోనూ వెనుక గోడ మీది సున్నం పెచ్చులు స్పష్టంగా, అవ్వ మాత్రం పొగలాగా వచ్చింది. కటకం కొని కటకటపడుతున్నానన్న చిరాకులో ఒక మాట అన్నాను.

“కుంకుమ లోపలికి పోయినట్టుందే అవ్వా. దానికెందుకు పెట్టినవ్?”

ఆమె కొంగుతో ఆ బొట్టు తుడిచింది.

శుక్రవారం పొద్దున్నే కండెల మిషనుకు బొట్టు పెట్టడం ఆమె అలవాటు. ఆ శుక్రవారం పెట్టలేదు. సాంచలకూ పెట్టలేదు. ఎందుకని అడిగితే, యాది మరిచిన అంది. వాయిదా వేసిన పనిని కూడా మరవని మనిషి. చుట్టాలందరూ కలిసి చేయలేని పని ఒక్క వాక్యంతో చేశానని అప్పుడర్థమైంది. పిల్లల కాపీల్లో తప్పు మాటల కింద ఎర్రగీత గీస్తాను గానీ, ఈ మాట కింద గీసుకోవడానికి ఏ సిరా సరిపోలేదు. కుంకుమ వల్ల కాదేమోలే అని రెండుసార్లు అన్నాను. మరి దేనివల్లో తెలియకుండా చెప్పే ఓదార్పు ఆమెను తాకలేదు.

ఆదివారం కరెంటు పోయి సాంచలు ఆగాయి. అవ్వ గడప మీద ఎండలో కూర్చుని కెమెరానూ, రెండు లెన్సులనూ తెమ్మంది. కొత్తగా కొన్న పాత లెన్సును వెనక్కి తిప్పి చాలాసేపు చూసింది. వెనుక ఇనుప చుట్టు మీద, గాటు పడిన చిన్న స్క్రూ తలకాయ లాంటిది ఉంది. సన్న స్క్రూడ్రైవరు దాంట్లో ఆనించి మెల్లగా తిప్పింది. ముందున్న అద్దం నూనె పెట్టినట్టు కదిలింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పింది. కుంకుమ లోపలికి పోయి ఉంటే గరగర అనాలి కదా అంది, నాతో కాదు, లెన్సుతో. తర్వాత కెమెరా నోట్లోకి తొంగిచూసింది.

“మన పాత షెడ్డు యాదికున్నదా బిడ్డా? మనయి రెండు, పక్కోళ్లయి రెండు, నాలుగు సాంచలకు ఒక్క మోటరు. మీద షాఫ్టు తిరిగితే కింద సాంచ తిరిగేది. గీ లెన్సు గా జమానాది. దీన్ని ఎవలన్న తిప్పాలె. నీ కెమెరాల తిప్పేటిదేది? షాఫ్టే లేదు.”

కెమెరాతో వచ్చిన లెన్సు చూపించింది. దానికి స్క్రూ తలకాయ లేదు, వరుసగా ఇత్తడి చుక్కలు మాత్రం ఉన్నాయి. ఆ చుక్కల్లోంచి కరెంటు పోతుంది, లోపల దానికి సొంత మోటరుంది, ఇప్పటి మన సాంచల లెక్క అంది. పెద్ద కెమెరాల నోట్లో తిప్పే మొన ఉంటుందట, చిన్నవాటిలో దాన్ని తీసేస్తారట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆమెకు చూస్తేనే తెలిసింది.

లెన్సు మార్చుకోవడానికి ఇద్దరం కరీంనగర్ వెళ్లాం. దుకాణదారు నాకే నచ్చజెప్పబోయాడు, నా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఉత్త తోడుగా వచ్చిందనుకుని. కెమెరాకు చక్కగా పడింది కదా సార్ అన్నాడు.

“పడుడు వేరే, నడుసుడు వేరే,” అంది అవ్వ.

అతను తెచ్చిన మొదటి లెన్సు వెనుక స్క్రూ తలకాయ చూసి పక్కకు పెట్టింది. రెండోదానికి తలకాయ లేదు, ఇత్తడి చుక్కలూ లేవు. దీనికి కరెంటే అందదు, నీ చెయ్యే దిక్కు, నీ కండ్ల సంగతి నాకు తెలుసు అంది. మూడోదానికి చుక్కలున్నాయి, తలకాయ లేదు. అయినా నమ్మలేదు. కెమెరాకు తగిలించి మీట నొక్కమంది. లోపల సన్నగా ఏదో తిరిగి, కెమెరా కిచ్చుమంది. అతని ముఖం, మీసంలోని తెల్ల వెంట్రుకతో సహా తేటగా కనిపించింది.

దుకాణదారు లోపలి నుంచి ఇంకో డబ్బా నిండా లెన్సులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“జర ఇవి గూడ చూడు పెద్దమ్మా. నేను గూడ రాసినదాన్నే నమ్ముకుంట అమ్ముతున్న.”

అవ్వ కొంగు దోపుకుని స్టూలు మీద కూర్చుంది. తలకాయలున్నవి ఒక దిక్కు, లేనివి ఒక దిక్కు పెట్టింది. పాఠం చెప్పేది ఆమె, చేతులు కట్టుకుని నిలబడ్డది పంతులు. అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

ఇంటికి వచ్చాక కుంకుమ భరిణె తెచ్చి ఆమె ముందు పెట్టాను. చెప్పవలసిన మాట ఒకటుంది. తెలుగు పంతులుకు ఆ ఒక్క తెలుగు మాటే దొరకలేదు. కొత్త లెన్సు రెండు చేతులతో చాచి నిలబడ్డాను. అవ్వ నావైపు చూసింది, లెన్సువైపు చూసింది. అద్దానికి దూరంగా, మూత మీద బొట్టు పెట్టింది. ఆ వేలితోనే పోయి రెండు సాంచలకూ పెట్టి, మీట వేసింది.

తెగిన పోగు ముడివేస్తూ ఆమె తల ఎత్తినప్పుడు తీసిన ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. గోడ మసక. అవ్వ స్పష్టం.