అడగని ఓటు

మా రెండో అమ్మాయి టీవీ డాన్స్ పోటీకి ఎంపికైందని తెలియగానే మొదటి ప్రశ్న మా సంఘంలోనే వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాయన ఒకరు గుమ్మంలో నన్ను ఆపారు.

“సండే స్కూల్ టీచరమ్మ కూతురే టీవీలో గంతులేస్తే మిగతా పిల్లలకి ఏం చెబుతారమ్మా?”

నేను నోరు విప్పేలోగా పాస్టరుగారు అందుకున్నారు. “బైబిల్లో దేవుని మందసం ముందు రాజుగారే గంతులేశారు కదండీ. కిటికీలోంచి చూసి ఈసడించుకున్న ఆయన భార్య జన్మంతా పిల్లల్లేకుండా మిగిలిపోయిందని తమరికి తెలియంది కాదు.”

పెద్దాయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కానీ ఆ శుక్రవారం ఉపవాస కూటంలో మా అమ్మాయి కోసం అందరికంటే ఎక్కువసేపు ప్రార్థన చేసింది ఆయనే.

మా అమ్మాయికి డాన్స్ నేర్పిన గురువులెవరూ లేరు. క్రిస్మస్ పందిట్లో నేను పాడుతుంటే అడుగులేస్తూ పెరిగింది. హైదరాబాదు వెళ్లి, జడ్జీల మార్కులతో సెమీఫైనల్ దాకా నెగ్గుకొచ్చింది. అక్కడి నుంచి మాత్రం మార్కులు లేవు, ప్రేక్షకులు సెల్‌ఫోన్లలో పంపే మెసేజ్‌లే. ఫైనల్లో ఒక్కసారి ఆడాలని దాని ప్రాణం. నా ప్రాణం కూడా అంతే.

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు స్త్రీల సమాజం వాళ్లంతా మా ఇంట్లోనే కూర్చున్నారు. పక్కింటి రైతుగారి భార్య ఓటెయ్యడానికి తన కొడుకు ఫోన్ పట్టుకొచ్చింది. మా అమ్మాయి గోదావరి మీద వల విసిరే జాలరిలా ఆడింది. అది చేతులు విసిరితే వల వచ్చి మా నెత్తిన పడుతుందేమో అనిపించింది. మా ఇంట్లో టీవీకి దగ్గరగా కూర్చున్న ఒకావిడ నిజంగానే తల వంచింది.

ఆట అయ్యాక ఒక్కొక్కరూ ఓట్లు అడుక్కోవాలి. ఒకబ్బాయి మోకాళ్ల మీద పడ్డాడు. ఒక పిల్ల వాళ్లమ్మని తలుచుకుని ఏడ్చింది. మా అమ్మాయి మైకు తీసుకుని, “ఎవరు బాగా చేశారనిపిస్తే వాళ్లకి వెయ్యండి. మీకు వందనాలండి,” అని మైకు తిరిగిచ్చేసింది.

“ఇదేంటి వదినా, చేజేతులా పోగొట్టుకుంటోంది?” అంది మా సమాజం కార్యదర్శి.

“మా పంచాయతీ ఎన్నికల్లో ఇలా అంటే ఇంట్లోవాళ్లు కూడా వెయ్యరండి,” అంటూ పక్కింటావిడ గబగబా మెసేజ్ కొట్టింది.

నాకు మాత్రం అర్థమైంది. మా సంఘంలో పెద్దల్ని ఎన్నుకునేటప్పుడు ఎవరూ తమకి ఓటెయ్యమని అడగకూడదు. టీ కొట్టు దగ్గర మాటవరసకి అడిగినా పేరు తీసేస్తారు. లోపల జనం చేతులెత్తుతుంటే పోటీలో ఉన్నవాళ్లు బయట వరండాలో నిలబడాలి. మా వారు అలా నిలబడిన ప్రతిసారీ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, చర్చికి వీపు పెట్టి రోడ్డుకేసి చూసేవారు.

మర్నాడు అమ్మాయి ఫోన్ చేసింది. “ఏం అడగాలో వాళ్లే రాసిచ్చారమ్మా. నాకు నోరు రాలేదు. తప్పు చేశానా?”

“లేదమ్మా,” అన్నాను. ఫైనల్ పోతుందని ఆ క్షణంలోనే తెలిసిపోయింది నాకు. అయినా మాట మార్చాలనిపించలేదు.

తరువాతి వారం ఫలితం చెప్పారు. మోకాళ్ల మీద పడ్డ అబ్బాయి ఫైనల్‌కి వెళ్లాడు. మా అమ్మాయి వాడి వీపు తట్టి స్టేజీ దిగింది. కళ్లలో నీళ్లున్నాయి కానీ తల దించలేదు. మా వారు టీవీ ముందు లేచి నిలబడ్డారు, ఎందుకో ఆయనకే తెలియదు.

తెల్లవారుజామున రావులపాలెంలో బస్సు దిగుతుందంటే ఇద్దరం వెళ్లాం. అరటి గెలలు లారీకెక్కిస్తున్న ఒకాయన దాన్ని చూసి ఆగిపోయాడు.

“టీవీలో వలేసిన పిల్లవి కదూ? నువ్వు అడక్కపోయినా నేనేశానమ్మా.”

“అయితే ఆ ఒక్క ఓటూ మీదేనన్నమాట, బాబాయ్,” అంది మా అమ్మాయి.

ఆయన పగలబడి నవ్వి, గెల నుంచి ఒక అత్తం కాయలు తెంపి దాని చేతిలో పెట్టాడు. లారీ మీదున్నవాళ్లు ఎవరా పిల్ల అని అడిగారు. ఆయన చెప్పేలోగా మా వారు గొంతెత్తి, “మా అమ్మాయండి,” అన్నారు.