ఆ మధ్యాహ్నం బ్రేకు తొక్కమన్నదెవరు?

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొచ్చేది. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పైగా మాది క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్ళు చివరి దినాన లేస్తారని నమ్ముతాను గానీ, అంతకుముందే లేచి మా దొడ్లో తిరుగుతారంటే ఎలా నమ్మేది? స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, "సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఉంటుందే!" అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు నా వంతు వచ్చింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మాది మార్టూరు దగ్గర ఊరు. మా ఆయన గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్లో సూపర్‌వైజరు. మా మామగారు బతికున్నప్పుడు ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా చేశారు. ఆసుపత్రి వాళ్ళు పాత కారు అమ్మేస్తుంటే ఆయనే కొనుక్కున్నారు. గుండ్రటి హెడ్‌లైట్లు, సోఫాల్లాంటి సీట్లు ఉండే ఆ కాలపు కారు. ఆయన పోయాక అది రేకుల షెడ్డులో మిరపకాయల బస్తాల వెనక పట్టా కప్పుకుని ఉండిపోయింది.

నిరుడు మా ఆయనకు దాన్ని బాగుచేయాలని పట్టుకుంది. రంగు ఒంగోలులో వేయించారు. ఇంజను మెకానిక్ చూశాడు. మిగతాదంతా తనే విప్పి, తనే కడిగి, తనే బిగించారు. మా వైపు ఏ మెషీను విప్పినా ముందు డీజిల్ బకెట్లో బాప్తిస్మం ఇవ్వాల్సిందే. బ్రేకు సామాను కూడా అందులోనే మునిగింది.

కారు మాత్రం ముద్దొచ్చేట్టు తయారైంది. ఒక్క బ్రేకే దారికి రాలేదు. పెడల్ ఒకసారి గట్టిగా ఉండేది, ఇంకోసారి నేలదాకా దిగిపోయేది. గబగబా రెండుసార్లు తొక్కితే మళ్ళీ పైకి లేచేది. చక్రాల దగ్గర ఎక్కడా ఆయిల్ కారడం లేదు. పైపులు పొడిగా ఉన్నాయి. అడిగినవాళ్ళంతా లోపల గాలి ఉండిపోయింది, ఎయిర్ తీయమన్నారు. తీస్తే బాగుండేది. కొన్నాళ్ళకు కథ మళ్ళీ మొదటికొచ్చేది.

అంతలో మా ఆడపడుచు కూతురు కెజియా పెళ్ళి కుదిరింది. చర్చి నుంచి తాతయ్య కారులోనే అత్తారింటికి వెళ్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పెళ్ళికొడుకు ఊరు వెళ్ళాలంటే హైవే దాటాలి. గ్రానైట్ దిమ్మెలు వేసుకున్న లారీలు అక్కడ ఎవరి కోసమూ ఆగవు.

"బ్రేకు పడని కారులో పెళ్ళికూతుర్ని ఎట్లా ఎక్కిస్తారండీ?" అన్నాను.

"రెండు దెబ్బలు కొడితే పడుద్దిలేవే. నడిపేది నేనేగా!"

"మీ రెండో దెబ్బ దాకా ఆ లారీవాడు ఆగుతాడా?"

ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. బ్రేకు నాకు నచ్చితేనే పిల్ల కారెక్కుతుందని తేల్చి చెప్పేశాను. సరే, ఇంకోసారి ఎయిర్ తీసి చూద్దామన్నారు. అదీ పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం. మా ఇంట్లోవాళ్ళూ, పక్కింటివాళ్ళూ చర్చిలో రంగు కాగితాలు కట్టడానికి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

ఎయిర్ తీయడం ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ అనే చిన్న మర వదులు చేసి, గాలీ ఆయిలూ కాస్త బయటికి పోనిచ్చి, మళ్ళీ బిగించాలి. కారు వెనక భాగం గ్రానైట్ ముక్కల మీదికి లేపి, వెనక ఎడమ చక్రం ఊడదీసి, ఆయన కింద పడుకున్నారు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. నేనున్న చోటికి ఆ మూల కనబడదు, మాట మాత్రమే వినబడుతుంది.

"తొక్కు." తొక్కాను. "పట్టుకో." పట్టుకున్నాను. "వదులు." వదిలాను.

అలా చాలాసేపు నడిచింది. ఎండ మండిపోతోంది. చర్చి దగ్గర మైకు సెట్టువాడు "హలో, హలో" అంటూ చెవులు చిల్లులు పొడుస్తున్నాడు. మధ్యలో కాసేపు పిలుపు ఆగింది. మళ్ళీ మొదలైంది. గొంతు కొంచెం బొంగురుగా ఉందనిపించింది. రోజూ రాతిదుమ్ములో ఉండే మనిషి కదా అనుకున్నాను.

"తొక్కు. పట్టుకో."

ఈసారి పెడల్ రాయిలా నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. వదలమంటారని చూస్తున్నాను. అనడం లేదు. పిక్క లాగేస్తోంది.

"ఏవండీ, వదలనా?"

"వదలబాక అమ్మాయ్. చూస్తుండు."

అమ్మాయ్ అనేది మా మామగారి పిలుపు. ఇంత హడావుడిలో ఈయనకు వేళాకోళం ఒకటా అని ఒళ్ళు మండింది. అయినా పట్టుకునే ఉన్నాను. అప్పుడు నా కాలి కింద పెడల్ కదిలింది. నేను బలం పెంచలేదు, తగ్గించలేదు. రాయిలా ఉన్నది కాస్తా మెల్లగా దిగుతూ దిగుతూ నేలకు ఆనింది.

"పిల్లని దీన్లో ఎక్కించబాకండమ్మాయ్."

నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు భయం వేయలేదు, గెలిచానన్న సంతోషం కలిగింది. "ఇప్పటికైనా ఒప్పుకున్నారా మహానుభావా!" అని గట్టిగానే అన్నాను.

గేటు చప్పుడైంది. మా ఆయన బ్రేక్ ఆయిల్ డబ్బా పట్టుకుని వీధిలోంచి లోపలికి వస్తున్నారు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అన్నారు.

దిగి వెనక్కి వెళ్ళి చూశాను. కారు కింద ఎవరూ లేరు. స్పానర్ నేల మీద ఉంది. నిపిల్ బిగించి ఉంది. ఆయిల్ అయిపోయిందని, బిగించేసి, నాకు చెప్పే వీధి చివరి షాపుకు వెళ్ళానని ఆయన అన్నారు. నేను "ఊ" అన్నానట. అని ఉండొచ్చు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన మాటల్లో సగానికి వినకుండానే ఊ కొడుతున్నాను. కానీ ఆయన వెళ్ళాక నన్ను తొక్కమన్నదెవరు?

విన్నది విన్నట్టు చెప్పాను. "ఎండదెబ్బ" అని నవ్వారు. నవ్వుతూనే సీట్లో కూర్చుని పెడల్ తొక్కారు. గట్టిగానే ఉంది. "వదలకుండా పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నారు. కాసేపటికి పెడల్ ఆయన కాలి కింద కూడా మెల్లగా దిగిపోయింది. నవ్వు ఆగిపోయింది. అన్నాళ్ళూ మేం తొక్కడం, గట్టిగా ఉంటే వదిలేయడమే చేశాం. ఎయిర్ తీసేటప్పుడు పట్టుకున్నా, నిపిల్ వదులు చేస్తే పెడల్ ఎలాగూ దిగుతుంది. నిపిల్ బిగించి ఉండగా తొక్కి పట్టుకుని చూడాలని మా ఇద్దరికీ ఎన్నడూ తట్టలేదు. ద్రవాల పీడనం పాఠం ఏటా చెప్పే నాకే తట్టలేదు.

కెజియా ఏడ్చింది. అయినా మగపెళ్ళివారి కారులోనే పంపించాం. హైవే దగ్గర ఆ కారు ముందు అడ్డంగా ఒక లారీ దూసుకుపోయింది. వాళ్ళ డ్రైవరు ఒక్క తొక్కుకు ఆపేశాడు. వెనక ఇంకో కారులో ఉన్న మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

పెళ్ళి హడావుడి తగ్గాక కారును లారీ మీద చిలకలూరిపేటకు చేర్చాం. పెడల్ ఒత్తిడిని చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్‌ను అక్కడి మెకానిక్ విప్పాడు. లోపలి రబ్బర్లు డీజిల్‌కు ఉబ్బి మెత్తబడిపోయాయి. గబగబా తొక్కితే ఒత్తిడి నిలుస్తుంది, పట్టి ఉంచితే ఆయిల్ లోలోపలే పక్కనుంచి జారిపోతుంది, అందుకే బయట చుక్క కూడా కారలేదన్నాడు. కొత్త సామాను వేశాడు. పెడల్ ఇప్పటిదాకా మళ్ళీ దిగలేదు.

బ్రేకు సంగతి అలా తేలింది. గొంతు సంగతే తేలలేదు. ఎండ కావచ్చు. మైకు హోరు కావచ్చు. నా భయమే మామగారి గొంతుతో పలికిందేమో. కానీ నాకు తెలియని పరీక్షను నా భయం నాతో ఎలా చేయించింది? ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడే ఆగిపోతున్నాను.

పేట నుంచి కారులో తిరిగి వస్తున్నప్పుడు మా ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగారు.

"నాన్న నా గురించేమన్నా అన్నాడా?"

మామగారు పోయిన రోజు ఈయన పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నారు. వచ్చేసరికి సమాధి కూడా అయిపోయింది. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది. ఏదో ఒక మాట కల్పించి చెబితే ఆయన ప్రాణం కుదుటపడేది. నాకు నోరు రాలేదు. "లేదండీ" అన్నాను.

ఇప్పుడు సెలవు రోజుల్లో, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, ఆయన షెడ్డులోకి వెళ్ళి ఆ కారెక్కుతారు. బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చుంటారు. కాలు వణికే దాకా వదలరు. వంటింటి కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంటుంది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ గొంతు ఎవరిదైనా సరే, దాని మీద నాకు కోపం వస్తుంది. నన్ను పిలిచినట్టు ఆయన్ని కూడా ఒక్కసారి పిలిస్తే ఏం పోయింది?