దిండు కింద ఉంగరం

అమెరికాలో, ఐసెలిన్ అనే ఊళ్ళో బంగారం కొట్లో వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంగరాలు చేసే ఆచారిగారు పోయారు. ఆయన పోయిన నాలుగో రోజున కొట్టు ఓనరమ్మ ఫోన్ చేసి చెప్పింది. అద్దె గదిలో ఒక్కరే ఉండేవారు, నిద్రలోనే పోయారట. ప్రతి మంగళవారం ఆయన బల్ల ఎదురుగా కూర్చున్న మనిషిని, నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా తీసెయ్యనని ముందే ఒట్టు వేయించుకున్నాను. ఆయన మీద ఒక నింద ఉంది. అది మోయాల్సింది నేను. దాన్ని మీ అందరి ముందూ దించుకోవాలి.

మా ఇంట్లో పొద్దున ఎనిమిదింటికి కార్లన్నీ వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఫ్రిజ్ చప్పుడు, నేను. నడిచి వెళ్ళగలిగే దూరంలో నాకు ఉన్నది ఆ కొట్టు ఒక్కటే. మొదటిసారి గొలుసు కొక్కెం ఊడితే వెళ్ళాను. బాగుచేసి ఇచ్చారు. మర్నాడు ఏమీ ఊడకపోయినా వెళ్ళాను. ఆయన ఏమీ అడగకుండా బల్ల ఇవతలికి ఒక స్టూలు జరిపారు.

పని మీద ఉన్నంతసేపూ తల ఎత్తేవారు కాదు. ఉంగరం పూర్తయితే ముందు తన చిటికెన వేలికి పెట్టుకుని, తీసి, గుడ్డతో తుడిచి అప్పుడు ఇచ్చేవారు. బాగుచేసిన వస్తువుల్ని గులాబీ రంగు కాగితంలో పొట్లం కట్టి, పైన పేరు రాసేవారు. నా పొట్లం మీద మాత్రం ఒక ముక్కు బొమ్మ గీశారు.

"ఇదేంటయ్యా?"

"పేరు రాస్తే మీరు చదవలేరు కదా అక్కగారూ. అందుకని మీ కోపం ఉండే చోటు గీశాను."

ఈ మధ్య ఆ కొట్టుకు వచ్చే పిల్లలందరూ ల్యాబ్ వజ్రాలే అడిగేవారు. ఫోన్లో బొమ్మ చూపించి, ఇలా వంచండి అంకుల్, ఇక్కడ ఆకు పెట్టండి అంకుల్ అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

"మిషన్లో పుట్టింది వజ్రం ఎలా అవుతుందయ్యా?"

"చిన్న వజ్రపు పలక పెట్టి, దాని మీద పొరలు పొరలుగా పెంచుతారు."

"పెరుగు తోడేసినట్టా?"

ఆయన చేతిలో పట్టకారు కింద పెట్టి మరీ నవ్వారు. "అంతే అక్కగారూ. తోడు పెట్టిన వజ్రం. అయినా వజ్రమే."

ఒక మంగళవారం నా ముందు కాగితం పెట్టి, నాలుగు చుక్కల మెలిక ముగ్గు ఎలా తిప్పుతారు అని అడిగారు. ఎవరో అబ్బాయి ఉంగరం చేయించుకుంటున్నాడట. రాయి కింద, ఎవరికీ కనిపించని చోట ఆ ముగ్గు ఉండాలట. అబ్బాయి ఇచ్చిన బొమ్మ చూశాను. ఒక పక్క మెలిక తప్పుగా ఉంది. ఆ తప్పు మా మనవరాలిది. చిన్నప్పుడు నేనే నేర్పించాను, ఇప్పటికీ ప్రతి కాగితం మీదా అలాగే తప్పు వేస్తుంది.

"ఈ ఉంగరం మా పిల్లకా?"

ఆయన కాగితం తన వైపు లాక్కున్నారు. ఉంగరం పూర్తయ్యాక ఒకసారి నాకివ్వమని మొదలుపెట్టాను. వజ్రం పడుతుందో లేదో మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడాలి. నా పెళ్ళికి తొందరలో అలా చూడకుండానే వజ్రపు ముక్కుపుడక పెట్టారు. ఏడాది తిరక్కుండా మా ఆయన పోయారు, కూతురు కడుపులో ఉండగానే. ఆ పుడక అప్పుడు తీశాను, మళ్ళీ పెట్టుకోలేదు.

"ఈ రాయి నిన్నగాక మొన్న పుట్టింది అక్కగారూ. ఎవరింటి ఏడుపూ చూడలేదు. దీనికి చూడటం ఎందుకు? అయినా అబ్బాయి రహస్యం అన్నాడు."

"నేనెవరికి చెబుతాను? ఈ దేశంలో నాతో మాట్లాడేదెవరు, నువ్వు తప్ప?"

మూడుసార్లు కాదన్నారు. నాలుగోసారి, ఉంగరం పూర్తయ్యాక ఒక గురువారం వెళితే, కాగితంలో చుట్టి ఇచ్చారు. "మూడు రాత్రులే" అన్నారు.

మూడో రోజు శనివారం. మనవరాలు నా పక్క దుప్పట్లు మారుస్తానని దిండు ఎత్తింది, పొట్లం విప్పింది.

"అమ్మమ్మా, వాట్ ఈజ్ దిస్? ఈ రాయి కింద నా ముగ్గు ఉంది." దాని మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. "ఇది నాకు సర్‌ప్రైజా? నీ దగ్గర ఎందుకుంది?"

"నాకేం తెలుసు? ఆచారే చూడమని చేతిలో పెట్టాడు. నేనేమీ అడగలేదు."

నోట్లోంచి వచ్చేసింది. అప్పుడే వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

మనవరాలు ఆ అబ్బాయికి ఫోన్ చేసి అంతా చెప్పేసింది. నేను కొట్టుకు వెళ్ళేసరికి అతను అక్కడే ఉన్నాడు. ఇక్కడే పుట్టిన పిల్లాడు, తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడతాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"అంకుల్, నేను సిక్స్ మంత్స్ ప్లాన్ చేశాను. సీక్రెట్ అని చెప్పాను కదా. వై డిడ్ యూ గివ్ ఇట్?"

ఆచారిగారు నా వైపు చూశారు. నేను అద్దం కింద గాజుల వైపు చూశాను.

"నాదే పొరపాటు బాబూ. పెద్దవాణ్ణి అయిపోయాను, ఆగలేకపోయాను" అన్నారు.

పై మంగళవారం వెళ్ళాలా వద్దా అని వీధి మలుపులో చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళాను. స్టూలు జరిపారు. ఆ రోజు సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "రాయి జారితే రాయినేం తిడతాం అక్కగారూ? పట్టుకున్నవాడు చూసుకోవాలి. ఇచ్చింది నేనే కదా." అంతే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట రాలేదు.

పెళ్ళి జరిగింది. ఆయన్ని పిలవలేదు. పిలవమని నేను అనలేదు. డబ్బాలో లడ్డూలు పట్టుకెళితే, ఒకటి తిని, "ముగ్గు అరగలేదు కదా?" అని అడిగారు. ఆ రోజే నా పాత ముక్కుపుడక ఆయన ముందు పెట్టాను. "శుభ్రం చేసి పెడతాను. పెట్టుకోవడం మీ ఇష్టం" అన్నారు. అదే ఆఖరుసారి చూడటం.

ఓనరమ్మ ఫోన్ చేసిన రోజు, కొట్టు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో చూడమని మనవరాలిని అడిగాను. ఫోన్లో చూస్తూ చూస్తూ ఆగిపోయింది. ఏంటని గదమాయిస్తే చదివి వినిపించింది. అప్పట్లో ఆ అబ్బాయి కొట్టు గురించి అందరూ చూసేలా రాసిన రివ్యూ. అయిదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క ఇచ్చాడు. "పని బాగుంది. ఆ ముసలాయన్ని మాత్రం నమ్మకండి." అన్నాళ్ళూ అది అక్కడే ఉంది. నాకు చదువు రాదు కాబట్టి తెలియలేదు. ఆచారిగారికి చదువు వచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి మనవరాలు రాయడం ఆపేసింది.

"అమ్మమ్మా, నువ్వే అడిగి తెచ్చుకున్నావా?"

"అవును. నీతో అబద్ధం చెప్పాను. రాయమ్మా."

"మా ఆయనకి ఏం చెప్పాలి? అది డిలీట్ చేయమననా?"

"వద్దు. దాని కింద ఇది పెట్టమను. చదివేవాళ్ళు రెండూ చదువుకుంటారు."

దానికి కోపం వచ్చింది నా మీద. రావాలి. కాసేపు పక్క గదిలో కూర్చుని, మళ్ళీ వచ్చి రాస్తోంది.

ఆ ఫోన్ వచ్చిన రోజే కొట్టుకు వెళ్ళాను. బల్ల మీద గుడ్డ కప్పారు. స్టూలు ఎవరో లోపల పెట్టేశారు, నిలబడే ఉన్నాను. ఓనరమ్మ సొరుగు తెరిచి, "ఈ ఒక్క పొట్లం ఎవరిదో తెలియలేదమ్మా, పేరు లేదు" అంది. గులాబీ రంగు కాగితం. పైన ముక్కు బొమ్మ. ఈసారి దానికి పుడక కూడా గీశారు.

పొట్లం విప్పలేదు, దిండు కింద పెట్టాను. ఈ పొద్దున మనవరాలు దుప్పట్లు మార్చడానికి వచ్చి దిండు ఎత్తింది. చూసింది. కొత్త దుప్పటి పరిచి, పొట్లాన్ని బొమ్మ పైకి ఉండేలా పెట్టి, దాని మీద దిండు మెల్లగా దించింది.